పనిగంటలు ఎటు పోతున్నాయో ముందు చూసుకోవాలి

పనివేళల్లో సమయం చాలడం లేదనుకునేవారు మొదట చేయవలసింది కొత్త ప్రణాళిక వేసుకోవడం కాదు. మూడు రోజులపాటు, పని మారిన ప్రతిసారీ గడియారం చూసి ఒక కాగితంపై రాసుకోవడం. “10:05 నివేదిక, 10:20 ఫోన్, 10:25 మెయిల్, 10:50 మళ్లీ నివేదిక” అన్నంత క్లుప్తంగా రాస్తే చాలు. చాలామంది విషయంలో, గంటలను మింగేస్తున్నవి పెద్ద పనులు కావనీ, ఒక పని మీంచి మరొక పనికి గెంతడమే అసలు నష్టమనీ ఆ కాగితమే చెబుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. ఒక పనిని సగంలో వదిలి మరొకటి అందుకున్నప్పుడు ధ్యాసలో కొంత భాగం పాత పనినే పట్టుకుని ఉంటుంది కనుక, కొత్త పని కూడా కుంటుతుంది. అందువల్ల మధ్యలో లేవక తప్పనప్పుడు, తిరిగి వచ్చాక చేయవలసినదేమిటో ఒక్క వాక్యంలో రాసిపెట్టి లేవాలి. “మూడో పట్టికలో మొత్తం తేడా వస్తోంది, మార్చి అంకెలు సరిచూడాలి” అని రాసుకున్నవారు ఎక్కడ ఆపారో వెతుక్కోనక్కర్లేదు. “పట్టిక చూడాలి” అని మాత్రమే రాస్తే రాయనట్టే.

బుర్ర చురుగ్గా ఉండే గంటన్నరను రోజులోకెల్లా కష్టమైన పనికి కేటాయించి, అంతసేపూ ఫోన్‌ను చేతికందని చోట పెట్టాలి. అలా కుదురుగా కూర్చోలేనివారికి ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి ఉంది: 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతలయ్యాక కాస్త పెద్ద విరామం. (ఆయన వాడిన వంటింటి టైమర్ టమాటా ఆకారంలో ఉండడం వల్ల ఇటాలియన్‌లో టమాటా పేరే దానికి స్థిరపడింది.) పని ఊపందుకున్నాక కూడా గంట మోగిందని లేచిపోవడం నాకు సబబుగా తోచదు; మొదలుపెట్టడానికే బద్ధకించే పనులకు మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది.

మెయిళ్లకు రోజులో రెండు మూడు వేళలు చాలు. అయితే అత్యవసరమైతే ఫోన్ చేయమని తోటివారికి ముందే చెప్పకపోతే ఈ నియమం రెండో రోజే చెదిరిపోతుంది.

చివరగా, పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటును గుర్తించారు. ఆ మూడు రోజుల కాగితం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది: గంటలో అయిపోతుందనుకున్న నివేదికకు పోయినసారి రెండున్నర గంటలు పట్టిందని అందులో ఉంటే, ఈసారీ రెండున్నర గంటలే కేటాయించాలి.