చెరువులో కలుపుమందు కొట్టేటప్పుడు

మొదటిసారి చెరువు మొత్తానికి ఒకే రోజు మందు కొట్టించాను. గుర్రపుడెక్క వాడిపోయి, గోధుమరంగుకు తిరిగి, కిందికి దిగిపోయింది. చాలా సంతోషపడ్డాను. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున వెళ్లి చూస్తే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి చాలా తేలిపోయాయి. కారణం మందు విషం కాదు. అంత కలుపూ ఒక్కసారిగా కుళ్లితే, కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఆ చేపలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు చెరువును మూడు భాగాలు చేసి, ఒక్కోసారి ఒక్క భాగానికే కొడతాను. మధ్యలో కనీసం రెండు వారాలు ఆగుతాను. గట్టు వైపు మొదలుపెట్టి లోపలికి వెళ్తే చేపలకు తప్పుకునే దారి ఉంటుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి ఎండలు ముదరకముందే, కలుపు ఇంకా లేతగా ఉండగానే పని మొదలుపెట్టండి. ఆక్సిజన్ మీటరుతో తెల్లవారుజామునే కొలవండి, రోజు మొత్తంలో అది అతి తక్కువగా ఉండేది అప్పుడే. లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తక్కువ చూపిస్తే నేను ఆ రోజు మందు ముట్టను.

ఏ మందు అనేది కలుపును బట్టి ఉంటుంది. నీటిపైన ఆకులున్న గుర్రపుడెక్కకు గ్లైఫోసేట్ పనిచేస్తుంది. నీటి అడుగున పెరిగే హైడ్రిల్లాకు అది దండగ. గ్లైఫోసేట్ మట్టికి అంటుకుని పని మానేస్తుంది, కాబట్టి బురదనీళ్లలో కలపకండి. పొలంలో వాడే గ్లైఫోసేట్ డబ్బాను చెరువుకు తేవద్దు. కొన్నిటిలో మందు ఆకుకు పట్టడానికి కలిపే పదార్థమే కప్పలకూ చేపలకూ మందుకన్నా ఎక్కువ ప్రమాదం. నీటిలో వాడటానికి అనుమతి ఉందని లేబుల్ మీద ఉంటేనే కొనండి.

హైడ్రిల్లాకు ఫ్లూరిడోన్ అనే మందు వాడతారు. అది నిదానంగా పనిచేస్తుంది, వారాల తరబడి నీటిలో నిలవాలి. తూము తెరిచి ఉంటే మందంతా కిందికి పోతుంది. డైక్వాట్ అనే ఇంకో మందు త్వరగా పనిచేస్తుంది కానీ బురదనీటిలో చచ్చుబడిపోతుంది.

అడుగు కలుపుకు మోతాదు చాలావరకు విస్తీర్ణంతో కాదు, నీటి పరిమాణంతో లెక్క. గుర్తులు పెట్టిన కర్రతో పదిహేను ఇరవై చోట్ల లోతు కొలిచి సగటు తీయండి. హెక్టారు చెరువులో సగటున మీటరు లోతుంటే 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము కావాలంటే అసలు మందు 10 కిలోలు పడుతుంది. కంటితో అంచనా వేస్తే సగం మోతాదో, రెట్టింపు మోతాదో పడిపోవడం ఖాయం.

గాలి వీచే రోజున పిచికారీ వద్దు. 2,4-డి అనే కలుపుమందు తుంపర్లు పడితే పత్తి, టమాటా ఆకులు ముడుచుకుపోతాయి. వాన వచ్చేలా ఉన్నా ఆగండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ నీటిని తాగడానికి, పొలానికి, పశువులకు ఎన్ని రోజులు వాడకూడదో లేబుల్‌లో ఉంటుంది, దాన్ని అందరికీ కనిపించేలా గట్టు మీద బోర్డు రాసి పెట్టండి.

గుర్రపుడెక్క విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. నేను వారానికోసారి ఒడ్డంతా తిరుగుతాను. చిన్న మొక్క కనిపిస్తే చేత్తో పీకి, మళ్లీ నీళ్లలోకి జారకుండా గట్టుకు దూరంగా ఎండబెడతాను.