పాత ఒమేగాకి తక్కువ ఖర్చులో సర్వీసింగ్

తాతగారి ఒమేగా సీమాస్టర్ వాచీ బీరువాలో ఆగిపోయి ఉంటే నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తకండి. 1960ల నాటి 565 నంబరు లాంటి ఆటోమేటిక్ మూవ్‌మెంట్లు (చేతి కదలికకే కీ తిరిగే లోపలి యంత్రాలు) చాలా గట్టివి, పాత వాచీలు బాగా తెలిసిన మెకానిక్ ఎవరైనా మొత్తం విప్పి, కడిగి, ఆయిల్ వేసి, టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్‌టిక్ విని వేగం కొలిచే మెషీన్) మీద గంటకి 19,800 బీట్ల దగ్గర సెట్ చేసిస్తాడు, ఖర్చూ బాగా తగ్గుతుంది. ఆ మెషీన్ లేని షాపులో మాత్రం ఇవ్వకండి. మెయిన్‌స్ప్రింగ్ (వాచీని నడిపే స్ప్రింగ్), గ్యాస్కెట్లు (నీళ్లు లోపలికి పోకుండా ఆపే రింగులు) మార్చమనండి. డయల్‌కి కొత్త రంగు, కేసుకి పాలిష్ అంటే అస్సలు ఒప్పుకోకండి, లగ్స్ (బెల్టు తగిలించే కొమ్ములు) అంచులు ఒకసారి అరిగాయంటే మళ్లీ రావు, వాచీ విలువ సగం వాటిలోనే ఉంది! ఇచ్చేముందు వెనక మూత తీయించి మూవ్‌మెంట్ మీది నంబరు కనిపించేలా ఫోటో తీసుకోండి, మార్చిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి. సర్వీసింగ్ అయ్యాక కూడా నీళ్లు తగలనివ్వకండి.