మాల్దీవులకు వీసా అక్కరలేదన్నారు, మరి కౌంటర్ దగ్గర ఎందుకు ఆపారు?

మాల్దీవుల ప్రయాణం అనగానే ఎవరైనా మొదట చెప్పే మాట, "దానికి వీసా అక్కరలేదు". ఇందులో నిజం సగమే. వీసా ఉంది. ముందుగా దరఖాస్తు చేసుకోవలసిన పని లేదు, రుసుము లేదు, అంతే. దాదాపు అన్ని దేశాల వారికీ దిగాక 30 రోజులకు ముద్ర వేసి ఇస్తారు. భారత పౌరులకైతే 2019 మార్చి నుంచి అమలులో ఉన్న ఒప్పందం ప్రకారం 90 రోజులు. ముందుగా కాగితాలు చూసేవారు ఎవరూ లేరు కాబట్టి ఆ తనిఖీ అంతా ప్రయాణం రోజున జరుగుతుంది. పైగా మొదట చూసేది రాజధాని మాలేలోని అధికారి కాదు, మీరు విమానం ఎక్కే ఊళ్లో చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి. ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి కాబట్టి ఆ కౌంటర్ నుంచే చూద్దాం.

సమస్య: సామాను తూచారు, బోర్డింగ్ పాస్ మాత్రం ఇవ్వడం లేదు

మాలేలో ఎవరినైనా వెనక్కి పంపితే ఆ ప్రయాణికుడిని తిరిగి తీసుకురావలసిన బాధ్యత విమాన సంస్థదే. అందుకే కౌంటర్‌లోని ఉద్యోగి తన తెరపై కనిపించే నిబంధనల ప్రకారం మీ కాగితాలు ఒక్కొక్కటిగా అడుగుతారు. అక్కడ "వీసా ఫ్రీ కదండీ" అని వాదించి గెలిచినవారు నాకు తెలిసి లేరు.

కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. మొదటిది, మాల్దీవుల నుంచి బయటకు వెళ్లే టికెట్టు లేకపోవడం. స్వదేశానికే తిరిగి రావాలని లేదు, మరో దేశానికి వెళ్లే టికెట్టయినా సరిపోతుంది. కానీ అది మీ చేతిలో ఉండాలి. "అక్కడికి వెళ్లాక చూసుకుంటాను" అనే జవాబు పనికిరాదు. రెండోది, బస చేసే చోటు ఖరారైనట్టు చూపలేకపోవడం. హోటల్ గది ‘హోల్డ్’లో పెట్టి డబ్బు చెల్లించకపోతే అది బుకింగ్ కింద లెక్కకు రాదు. నలుగురు మిత్రులు వేర్వేరు విమానాల్లో వెళుతూ, గది మాత్రం ఒకరి పేరు మీదే తీసుకుంటే మిగతా ముగ్గురికీ ఇదే చిక్కు.

రెండింటికీ మందు ఇంట్లోనే వేసుకోవచ్చు. హోటల్‌కు ఒక ఈమెయిల్ రాసి, బస చేసే అందరి పేర్లతో ధ్రువీకరణ పత్రం పంపమని అడగండి. ఇది వారికి రోజూ ఉండే పనే. బయటకు వెళ్లే టికెట్టు లేదన్న సంగతి కౌంటర్ దగ్గరికి వెళ్లాక బయటపడితే పక్కకు జరిగి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే టికెట్టు ఒకటి ఫోనులోనే కొనండి. ఖర్చు ఎక్కువే. విమానం వెళ్లిపోతే అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ.

సమస్య: హోటల్ బుకింగ్ ఉంది, అయినా "ఈ రాత్రి ఎక్కడ ఉంటారు?" అని అడుగుతున్నారు

ఇది మాల్దీవుల భూగోళం తెచ్చిపెట్టే చిక్కు. మాలేకు వెళ్లే విమానాలు దిగే వెలానా విమానాశ్రయం హుల్హులే అనే ద్వీపంలో ఉంది. దూరపు రిసార్టులకు అక్కడి నుంచి సీప్లేన్‌లో వెళ్లాలి. సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి, ఎందుకంటే అవి నీటి మీద చూసుకుని దిగాలి. సాయంత్రం దిగే విమానం చవక అని కొన్నవారు చీకటి పడే వేళకు బయటికి వస్తారు, ఆ రోజు ఇక రిసార్టుకు దారి ఉండదు. రిసార్టు బుకింగ్ మరుసటి రోజు నుంచి ఉంటుంది. మధ్యలో ఒక రాత్రికి చిరునామా లేదు. ఆ ఖాళీ కౌంటర్‌లోనూ, ఇమ్మిగ్రేషన్‌లోనూ ప్రశ్నగా మారుతుంది.

ఆ ఒక్క రాత్రికి పక్క ద్వీపమైన హుల్హుమాలేలోనో మాలేలోనో గది తీసుకోండి. హుల్హుమాలేకు విమానాశ్రయం నుంచి రోడ్డు దారి ఉంది. 2018లో వంతెన తెరిచాక మాలేకు కూడా టాక్సీలోనే వెళ్లవచ్చు. విమానం టికెట్టు కొనకముందే రిసార్టు వారిని "ఈ సమయానికి దిగితే మీ దగ్గరికి ఎలా రావాలి?" అని అడిగితే ఈ గొడవే ఉండదు. స్పీడ్‌బోటులో చేరగల రిసార్టులైతే రాత్రి కూడా తీసుకువెళతాయి. కానీ అది కూడా ముందే మాట్లాడుకోవాలి, రేవు దగ్గర నిలబడి పిలిస్తే వచ్చే పడవ కాదు.

సమస్య: "క్యూఆర్ కోడ్ చూపండి" అన్నారు, నా దగ్గర లేదు

అది ‘ఇముగా’ అనే ప్రయాణికుల ప్రకటన పత్రం. విమానం బయలుదేరడానికి ముందు 96 గంటల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి, చివర ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఇందులో మూడు రకాలుగా తడబడతారు.

కొందరు మరీ ముందుగా నింపబోతారు. నెల ముందే అన్నీ సర్దుకునే జాగ్రత్తపరులకు ఈ తిప్పలు ఎక్కువ. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు గుర్తుచేసేలా ఫోనులో అలారం పెట్టుకోవడమే దీనికి విరుగుడు.

కొందరు డబ్బు కడతారు. ఈ పత్రం పూర్తిగా ఉచితం. వెతికితే ముందు వరుసలో కనిపించే సైట్లు కొన్ని దీన్నే ‘మాల్దీవుల ఈ-వీసా’ అని పేరు మార్చి, డాలర్లలో రుసుము తీసుకుంటాయి. అసలు సైటు మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ శాఖది, దాని చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఎంవీ’తో ముగుస్తుంది. కార్డు నంబరు అడిగిన మరుక్షణం మీరు దారి తప్పారని గ్రహించి వెనక్కి వచ్చేయండి.

మూడోది నేను స్వయంగా చేసిన పొరపాటు. మధ్యలో విమానం మారే ప్రయాణం నాది. పత్రంలో మొదటి విమానం నంబరు రాశాను, ఎందుకంటే ఇంటి దగ్గర ఎక్కేది అదే. అడిగింది మాలేలో దిగే విమానం నంబరు. ఇంటి దగ్గర కౌంటర్‌లోని అమ్మాయి ఫోను నా వైపు తిప్పి, "ఇది మాలే వెళ్లదు కదండీ" అని నవ్వింది. ఆరు శాతం బ్యాటరీ మిగిలిన ఫోనుతో, వెనుక వరుసలో ఉన్నవారి నిట్టూర్పులు వింటూ మొత్తం మళ్లీ నింపాను. అప్పటి నుంచి క్యూఆర్ కోడ్‌ను కాగితం మీద ముద్రించుకుంటున్నాను. పాతకాలపు అలవాటని ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

పిల్లలకు కూడా ఒక్కొక్కరికి వేరే పత్రం కావాలి, చంటిబిడ్డకైనా సరే.

సమస్య: టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టులో పేరు కలవడం లేదు

తెలుగువారికి ఈ తలనొప్పి మిగతావారి కంటే ఒక పాలు ఎక్కువే. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, అదీ ఒక్క అక్షరానికి కుదించి. టికెట్టు కొనే చోట ‘మొదటి పేరు’ అని అడిగితే ముందు కనిపించేది ఇంటిపేరే కాబట్టి అదే రాస్తాం. ఆ తర్వాత ‘చివరి పేరు’ అన్నచోట సొంత పేరు వెళ్లి కూర్చుంటుంది. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి, పాస్‌పోర్టు మారని ఆడవారి విషయం చెప్పనే అక్కరలేదు.

ఏది సరైనదో పాస్‌పోర్టే చెబుతుంది. ఫొటో ఉన్న పుట అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి, ఒక్కో దానిలో 44 గుర్తులు. పై వరుసలో దేశం అక్షరాల వెంటనే వచ్చేది ఇంటిపేరు. దాని తర్వాత బాణపు గుర్తులు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఆ జంట గుర్తుల తర్వాత ఉన్నదంతా సొంత పేరు. టికెట్టు మీదా, ఇముగా పత్రంలోనూ, హోటల్ బుకింగ్‌లోనూ ఇదే రావాలి. బడి సర్టిఫికెట్టులో ఏముందన్నది ఇక్కడ ఎవరికీ పట్టదు.

టికెట్టు మీద పొరపాటు కనబడితే విమాన సంస్థకు ముందుగానే ఫోను చేయండి. ఒకటి రెండు అక్షరాల తప్పును సాధారణంగా దిద్దుతారు. ముందు వెనుకలుగా పడిన పేర్లనూ చాలాసార్లు సరిచేస్తారు. టికెట్టు మధ్యవర్తి సైటులో కొని ఉంటే మాత్రం "వారినే అడగండి" అని పంపేస్తారు, కాబట్టి ఆ తిరుగుడుకు వారం రోజులైనా చేతిలో ఉంచుకోండి.

సమస్య: పాస్‌పోర్టు గడువు ఉందిగా, అయినా సణుగుతున్నారు

మాల్దీవులు అడిగేది కనీసం నెల రోజుల గడువు. మధ్యలో దిగే దేశమో, విమాన సంస్థో ఆరు నెలలు అడగవచ్చు. ఆరు నెలల కంటే తక్కువ ఉంటే కొత్తది తీసుకోవడమే నయం. ఫొటో పుట మీద నీటి మరక, అట్ట ఊడటం, చినిగిన పుట, పిల్లలు గీసిన గీతలు ఉంటే గడువు ఎంతున్నా పాస్‌పోర్టు పాడైనట్టే లెక్క. జిగురు పెట్టి అతికించిన పాస్‌పోర్టు చినిగిన దానికంటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

సమస్య: మాల్దీవులకు అన్నీ ఉన్నాయి, దారిలోని దేశం ఆపింది

రెండు చవక టికెట్లు విడివిడిగా కొని అతికించుకున్న ప్రయాణాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఒకే టికెట్టయితే సామాను నేరుగా మాలే చేరుతుంది, మీరు విమానాశ్రయం లోపలే ఉండి మారవచ్చు. టికెట్లు వేరైతే మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ దాటాలి, దాటాలంటే ఆ దేశపు వీసా ఉండాలి. ఒకే టికెట్టు కొనండి. లేదా చేతి సంచి ఒక్కదానితో వెళుతూ, రెండో విమానం బోర్డింగ్ పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోగలరేమో చూసుకోండి.

దారి ఆఫ్రికా మీదుగానో దక్షిణ అమెరికా మీదుగానో అయితే మరో కాగితం ఉంది. ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశం నుంచి వచ్చినా, అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినా టీకా ధ్రువపత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. అందుకే ప్రయాణానికి రెండు రోజుల ముందు హడావుడిగా వేయించుకుంటే ఉపయోగం ఉండదు. 2016 జూలై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతోంది కాబట్టి పాతదాన్ని పారేయకండి.

సమస్య: ముద్ర పడింది, కస్టమ్స్ దగ్గర సంచి తెరవమన్నారు

మాలేలో బయటికి వెళ్లే దారిలో సామాను ఎక్స్‌రే యంత్రం గుండా వెళుతుంది. ఎక్కువగా పట్టుబడేది మద్యం సీసా. "దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్నాను, సీలు కూడా తీయలేదు" అన్నా లాభం లేదు. దేశంలోకి మద్యం తేవడమే నిషేధం. సీసా తీసుకుని రసీదు ఇస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు ఆ రసీదు చూపి తీసుకోవచ్చు. రిసార్టుల్లో మద్యం దొరుకుతుంది, మీ సంచిలోంచి మాత్రం రాకూడదు. పంది మాంసం పదార్థాలకూ అనుమతి లేదు.

మనవారికి తట్టనిది మరొకటుంది. పూజకు వాడే విగ్రహాలు కూడా నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నాయి. చాలామంది సంచిలో ఎప్పుడూ చిన్న ప్రతిమ ఒకటి ఉంటుంది, అది అక్కడ ఉన్న సంగతే గుర్తుండదు. ప్రయాణానికి ముందు సంచి పూర్తిగా బోర్లించి చూసుకుని, ప్రతిమను ఇంట్లోనే ఉంచి వెళ్లండి. ఈ-సిగరెట్లను 2024 నవంబరు 15 నుంచి తేనివ్వడం లేదు. 2007 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవారికి 2025 నవంబరు నుంచి పొగాకు పూర్తిగా నిషేధం. ఈ నియమం సందర్శకులకూ వర్తిస్తుంది.

మందులు అసలు పెట్టెలోనే, వైద్యుడి చీటీతో పాటు ఉంచండి. నిద్రమాత్రలు, గాఢమైన నొప్పి మాత్రలు విడి పట్టీలుగా కవరులో వేసుకుని వెళ్లడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

సమస్య: చివరి రోజున లెక్క పెరిగింది

ఇది ప్రవేశానికి సంబంధించింది కాకపోయినా ఎక్కువగా అడిగే ప్రశ్న. హరిత పన్ను అని తలకు రాత్రికి 12 డాలర్లు పడుతుంది. జనం నివసించే ద్వీపాల్లో 50 గదుల లోపు ఉన్న గెస్ట్‌హౌసుల్లో అయితే 6 డాలర్లు. 2025 జూలై నుంచి పర్యాటక జీఎస్టీ 17 శాతం. బుకింగ్ ధరలో ఇవి కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి. దేశం విడిచి వెళ్లే రుసుములు, ఎకానమీలో మొత్తం 100 డాలర్లు, టికెట్టు ధరలోనే ఉంటాయి. విమానాశ్రయంలో విడిగా చెల్లించనక్కరలేదు.

తిరుగు ప్రయాణానికీ ఇముగా పత్రం మళ్లీ నింపాలి, మళ్లీ అదే 96 గంటల లోపల. వచ్చేటప్పటి క్యూఆర్ కోడ్ దీనికి పనికిరాదు. రిసార్టులో ఇంటర్నెట్ బాగున్నప్పుడే ఆ పని ముగించండి. సామాను సర్దేటప్పుడు పిల్లల జేబులు కూడా ఒకసారి తడిమి చూడండి. తీరంలో ఏరిన పగడపు ముక్క ఎంత చిన్నదైనా దేశం దాటించకూడదు, దాన్నీ ఎక్స్‌రే పట్టేస్తుంది.