ఎండాకాలం మధ్యాహ్నం గేమ్ నత్తనడక నడుస్తుంటే పీసీలో ఏం మార్చాలి?

రోహిణి కార్తెలో ఒంగోల్లోనో నెల్లూరులోనో మధ్యాహ్నం గేమ్ పెడితే మొదటి పావుగంట బాగానే నడుస్తుంది, ఆ తర్వాత మొరాయిస్తుంది. రాత్రి పదకొండింటికి అదే పీసీలో అదే గేమ్ హాయిగా ఆడుతుంది. ఈ తేడా మీకూ కనిపిస్తే తప్పు సెట్టింగులది కాదు, వేడిది. అందుకే ముందు కొలవండి, తర్వాతే మార్చండి.

గేమ్ నడుస్తుండగా విండోస్ కీ పట్టుకుని ‘జీ’ నొక్కండి. పర్ఫామెన్స్ అనే చిన్న పెట్టెలో సీపీయూ, జీపీయూ, ర్యామ్ ఎంత వాడకంలో ఉన్నాయో కనిపిస్తుంది. జీపీయూ 95 శాతం దాటి ఉంటే గ్రాఫిక్స్ కార్డు తన శక్తంతా పెడుతున్నట్టే. గేమ్‌లో గ్రాఫిక్స్ తగ్గిస్తే ఫలితం ఉంటుంది. అది 50, 60 దగ్గరే ఉండి ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేములు, అంటే బొమ్మల సంఖ్య) పడిపోతుంటే ఇబ్బంది ప్రాసెసర్‌దో ర్యామ్‌దో. అప్పుడు రిజల్యూషన్ ఎంత తగ్గించినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. సీపీయూ వేడి చూడ్డానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 95 డిగ్రీలు దాటి, ప్రాసెసర్ వేగం చూపే గిగాహెర్ట్జ్ అంకె కిందికి జారుతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోందన్నమాట.

అలాగైతే ముందు దుమ్ము సంగతి చూడాలి. పీసీ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్క మూత తీసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో ఆపి బ్లోయర్ కొట్టండి. వదిలేస్తే గాలికి అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. చీమకుర్తి వైపు ఇళ్లలో గ్రానైట్ పొడి సన్నగా పేరుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి తేమకు దుమ్ము తడిసి హీట్‌సింక్ (వేడిని బయటికి లాగే లోహపు రెక్కల దిమ్మ) సందుల్లో అట్టకడుతుంది. దానికి ఒట్టి బ్లోయర్ చాలదు, ముందు మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదిలించాలి. ప్రాసెసర్ మీద వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ పేస్టు వేసి మూడు, నాలుగేళ్లయితే పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది మధ్యలో పెట్టండి. ఎక్కువైతే పక్కలకు కారడం తప్ప లాభం లేదు.

క్యాబినెట్ వెనక అరడుగు ఖాళీ వదలండి. నీళ్ల కూలర్‌ను మాత్రం నేరుగా పీసీ మీదికి తిప్పొద్దు. చల్లగాలితో పాటు తేమ కూడా లోపలికి పోతుంది.

తర్వాత ర్యామ్. ఇక్కడే చాలామంది కొన్న వేగాన్ని వాడకుండా వదిలేస్తారు. 3200 అని రాసున్న డీడీఆర్4 ర్యామ్ కూడా బోర్డు మామూలు సెట్టింగులో 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్, అందులో మెమరీ తెరిస్తే వేగం తెలుస్తుంది. తక్కువుంటే రీస్టార్ట్ చేసి డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి, ర్యామ్‌ను దాని మీద రాసున్న వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉండొచ్చు. ఆ తర్వాత తెర రాకపోతే కంగారు పడకండి. ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెడితే పాత సెట్టింగులు తిరిగొస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లు ఒక 16 జీబీ ముక్క బదులు రెండు 8 జీబీ ముక్కలు వేసుకుంటే తేడా కళ్లకు కనిపిస్తుంది, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి.

మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డుకు పెట్టారా చూడండి. నవ్వులాటగా ఉన్నా ఈ పొరపాటు మామూలే. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొని 60లోనే ఆడేవాళ్లూ ఉంటారు: సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో మార్చుకోవాలి. విండోస్‌లో గేమ్ మోడ్ ఆన్, క్యాప్చర్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆఫ్, స్టార్టప్‌లో అనవసరమైనవి డిసేబుల్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడండి. ఒక్క క్లిక్‌తో వేగం పెంచుతామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే పేజ్ ఫైల్ కూడా తీసేయొద్దు, ర్యామ్ నిండగానే గేమ్ మూసుకుపోతుంది.

గేమ్ లోపల మొదట షాడోస్ తగ్గించండి, తర్వాత రిఫ్లెక్షన్స్, పొగమంచు. 4 జీబీ కార్డు మీద టెక్స్‌చర్స్ (వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రా పెడితే కార్డులో చోటు చాలక సరుకంతా ర్యామ్‌కు పోతుంది, ఆట కుదుపుతుంది. తక్కువ రిజల్యూషన్‌లో గీసి తెరకు సరిపడా పెంచే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే క్వాలిటీలో ఉంచండి. 1080పీ తెర మీద క్వాలిటీ అంటే లోపల 720పీ, పర్ఫామెన్స్ అంటే 540పీ. రెండోది మసకగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలకు అన్నిటికన్నా పనికొచ్చేది ఎఫ్‌పీఎస్ పరిమితి. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే ఎఫ్‌పీఎస్‌ను 60కి కట్టేయండి. తెర చూపించలేని ఫ్రేములు గీయడానికి కార్డు కాగిపోవడం దేనికి?

ఇక కరెంటు. మామూలు 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్ల దాకానే మోస్తుంది. గేమ్ జోరులో పీసీ, మానిటర్ కలిపి అంతకు మించితే, కరెంటు పోగానే కొత్త బ్యాటరీ ఉన్నా యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది. 1000 వీఏది తీసుకునే ముందు డబ్బా మీద వీఏ కాదు, వాట్ల అంకె చూడండి.