వేగం లెక్కలు – 3వ పాఠం: 30 అనే అంకె ఎక్కడ పుట్టింది?

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన అభ్యాసం సరిచూసుకుందాం. గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని 3.6తో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో తెలుస్తుందని చెప్పుకున్నాం. 30కి 8.3 మీటర్లు, 50కి 13.9, 60కి 16.7. దశాంశం దగ్గర మీకు కాస్త తేడా వచ్చినా కంగారు పడకండి, ఇవాళ అంత సూక్ష్మం అక్కర్లేదు.

ఇవాళ్టి పని ఇది: ఒక వీధిని చూసి, అక్కడ ఏ వేగం దాటితే ప్రాణం మీదికొస్తుందో కాగితం, పెన్ను లేకుండా లెక్కగట్టడం. ఈ ఒక్కటి చేతికొస్తే, కొన్ని దేశాలు ఊళ్లలో వేగాన్ని 30కి ఎందుకు దించాయో మీకే అర్థమైపోతుంది.

సూత్రం

జర్మనీ డ్రైవింగ్ స్కూళ్లలో కొత్తవాళ్లకు ఒక నోటి లెక్క నేర్పిస్తారు. వేగంలో చివరి సున్నా తీసేయండి. 50 అయితే 5 మిగులుతుంది.

ఆ 5ని 3తో గుణిస్తే 15. ఇది తేరుకునే దూరం, మీటర్లలో. ఎదురుగా ఏదో వచ్చిందని కన్ను చూడాలి, మెదడుకు అందాలి, కాలు యాక్సిలరేటర్ మీంచి లేచి బ్రేకు మీద పడాలి. దీనికంతా సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనంతా బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది.

ఇప్పుడు 5ని 5తోనే గుణించి, వచ్చిన 25లో సగం తీసుకోండి. 12.5. ఇది బ్రేకు దూరం. పొడి రోడ్డు మీద, గట్టిగా తొక్కితే బండి ఆగడానికి పట్టేది ఇంత. తడి రోడ్డయితే ఇంకా పెరుగుతుంది.

రెండూ కలిపితే 27.5 మీటర్లు. 30 దగ్గర ఇదే లెక్క వేస్తే 9, 4.5, మొత్తం 13.5. 60 దగ్గర 18, 18, మొత్తం 36.

ఇక్కడ ఒకటి గమనించండి. తేరుకునే దూరం వేగంతో పాటు సమానంగా పెరిగింది. బ్రేకు దూరం అలా కాదు, వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతోంది. 30 దగ్గర 4.5 ఉన్నది 60 దగ్గర 18 అయింది. పాఠమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి 20, 40, 80 వేగాలకు కూడా మీరే వేసి చూసుకుని ముందుకు రండి.

సుద్దగీతల ప్రయోగం

ఈ సూత్రం నాకు చాలా ఏళ్లుగా తెలుసు. కానీ ఒక ఖాళీ స్థలంలో సుద్దముక్కతో గీతలు గీసి చూసేదాకా దాని బరువు నాకు తెలియలేదు. మీరూ తప్పకుండా చేయండి. బండ్లు తిరగని చోటే చేయాలి సుమా.

ఒక గీత గీసి దాన్ని సున్నా అనుకోండి. డ్రైవరు ప్రమాదాన్ని చూసింది అక్కడే. టేపుతో కొలిచి 13.5 మీటర్ల దగ్గర ఒక గీత, 15 దగ్గర ఇంకో గీత, 27.5 దగ్గర మరొకటి గీయండి. టేపు లేకపోతే పెద్దవాళ్లు సాగదీసి వేసే అంగ దాదాపు ఒక మీటరు. ఇప్పుడు 14 మీటర్ల దగ్గర ఒక నీళ్ల సీసా నిలబెట్టండి.

30తో వచ్చిన బండి 13.5 దగ్గర ఆగిపోయింది. సీసాకూ బంపరుకూ మధ్య అర మీటరు ఖాళీ ఉంది. 50తో వచ్చిన బండి సంగతి చూడండి. దాని డ్రైవరు కాలు బ్రేకు మీద పడేదే 15వ మీటరు దగ్గర. అంటే సీసా దగ్గరికొచ్చేసరికి అతను ఇంకా బ్రేకు తొక్కనే లేదు, బండి 50తోనే ఉంది. ఇద్దరూ సమానంగా జాగ్రత్తగా ఉన్నవాళ్లే, ఇద్దరూ ఒకే చోట చూశారు, ఒక సెకనులోనే స్పందించారు. ఒకరు ఆగి, కిటికీ దించి "చూసుకుని నడువమ్మా" అని కేకేస్తారు. ఇంకొకరు ఆ క్షణాన్ని జన్మలో మర్చిపోలేరు.

ఆ గీతల మధ్య నిలబడ్డప్పుడు నాకు సీసా కనబడలేదు, బంతి కోసం పరుగెత్తే పిల్ల కనబడింది. ఆ రోజు నుంచి ఊళ్లో నడిపేటప్పుడు స్పీడోమీటరు ముల్లు వైపు నా చూపు దానంతటదే పోతోంది.

తిరగేసిన లెక్క

ఇప్పుడు కాస్త కష్టమైనది. 27.5 మీటర్ల దూరంలో ఒకరు రోడ్డు దాటుతున్నారు. 50తో వచ్చిన బండి సరిగ్గా వాళ్ల ముందు ఆగింది. 60తో వచ్చిన బండి వాళ్లను ఎంత వేగంతో గుద్దుతుంది? చాలామంది పది కిలోమీటర్లే కదా ఎక్కువ, కాబట్టి 10తో తగులుతుంది అనుకుంటారు. లెక్క వేద్దాం.

60 దగ్గర తేరుకునే దూరం 18. మొత్తం 27.5లో అది పోతే బ్రేకుకు మిగిలింది 9.5. కానీ ఆగడానికి కావాల్సింది 18. ఇంకా 8.5 మీటర్లు తక్కువ పడింది. అంటే 8.5 మీటర్ల బ్రేకు దూరం ఉండే వేగమేదో, ఆ వేగంతో బండి వాళ్లను తాకుతుంది. సూత్రాన్ని తిరగేయండి: 8.5ని రెట్టింపు చేస్తే 17. ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 17 వస్తుంది? 4కి కాస్త ఎక్కువ, సుమారు 4.1. దాన్ని 10తో గుణించండి. గంటకు సుమారు 41 కిలోమీటర్లు.

పది ఎక్కువ నడిపినందుకు నలభైతో తగిలింది. మొదటిసారి ఈ జవాబు నమ్మబుద్ధి కాదు, రెండుసార్లు వేసి చూడండి. బండి వేగం బ్రేకు వేసిన మొదట్లో నెమ్మదిగా తగ్గి, చివరి కొన్ని మీటర్లలోనే ఒక్కసారిగా పడిపోతుంది. ఆ చివరి మీటర్లే మనకు దక్కవు.

ఒంటికి అందే లెక్క

41తో తగిలితే ఏమవుతుందో ఊహించడానికి ఇంకో చిన్న సూత్రం: సున్నా తీసేసిన సంఖ్యను దానితోనే గుణించి, 0.4తో హెచ్చించండి. ఆ వేగం ఎంత ఎత్తు నుంచి కింద పడ్డంతో సమానమో మీటర్లలో వస్తుంది. 30కి 3.6 మీటర్లు, అంటే మొదటి అంతస్తు. 50కి 10 మీటర్లు, మూడో అంతస్తు. మొదటి అంతస్తు నుంచి పడ్డవాళ్లలో చాలామంది దెబ్బలతో బయటపడతారు. మూడో అంతస్తు సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి వేగం ఇంకాస్త పెరిగినా ముప్పు బాగా పెరిగిపోతుంది: కారు ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం 50 నుంచి 65కి వెళ్లేసరికి 4.5 రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ లెక్కను ఒక దేశం చట్టసభలో పెట్టింది. 1997 అక్టోబరులో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' విధానాన్ని ఆమోదించింది. రోడ్ల మీద ఒక్కరు కూడా చనిపోకూడదు, తీవ్రంగా గాయపడకూడదు అన్నది లక్ష్యం. అంతకుముందు ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదని అడిగేవారు. స్వీడన్ వాళ్లు ప్రశ్నను మార్చారు: మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు శిక్ష మరణం కాకుండా రోడ్డును ఎలా కట్టాలి? అప్పుడు వేగం ఎంత ఉండాలన్నది డ్రైవరు అవసరాన్ని బట్టి కాక, మనిషి శరీరం తట్టుకునే దెబ్బను బట్టి తేలుతుంది. నడిచేవాళ్లూ బండ్లూ కలిసే చోట 30. కార్లు కూడలిలో పక్క నుంచి గుద్దుకునే అవకాశం ఉంటే 50. ఎదురెదురుగా గుద్దుకునే అవకాశం ఉంటే 70. ఎదురుబండి తగలకుండా మధ్యలో అడ్డు కడితే 100, ఆపైన కూడా ఫర్వాలేదు. స్వీడన్ చాలా రహదారుల మధ్యలో తీగల కంచె వేసి, వేగం పెద్దగా తగ్గించకుండానే ప్రాణాలు కాపాడింది. తక్కువ వేగమే అన్ని చోట్లా మందు అనుకోవద్దని అందుకే చెబుతున్నాను.

జర్మనీలో ఆటోబాన్ అనే పెద్ద రహదారుల మీద చాలా భాగాలకు వేగ పరిమితే లేదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, అక్కడ 130 అన్నది సలహా మాత్రమే. కానీ ఆటోబాన్ మీద పాదచారి ఉండడు, సైకిల్ ఉండదు, కూడలి ఉండదు, ఎదురుబండి కంచె అవతల ఉంటుంది. అదే జర్మనీలో ఊళ్లోకి వస్తే 50, ఇళ్ల మధ్యకు వస్తే చాలా వీధుల్లో 30.

ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం 1992లోనే ముఖ్య రహదారులు తప్ప మిగతా వీధులన్నిటికీ 30 పెట్టింది. 2021 జనవరిలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్, అదే ఏడాది ఆగస్టులో పారిస్ ఆ దారి పట్టాయి. మధ్యలో మేలో స్పెయిన్, ఊళ్లలో ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న వీధులన్నిటికీ దేశమంతటా 30 చేసింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధులకు 30 పరిమితి ఉంది. 2024 జులై నుంచి ఏడాది పాటు ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. పరిమితి ఒక్కటే కారణమని అనను. వీధులు సన్నం చేశారు, కెమెరాలు పెట్టారు, బస్సులూ ట్రాములూ బాగుచేశారు. వెడల్పాటి ఖాళీ రోడ్డు మీద 30 అని బోర్డు పాతి ఊరుకుంటే కాలు దానంతటదే యాక్సిలరేటర్ నొక్కుతుంది.

అన్ని చోట్లా జనం చప్పట్లు కొట్టలేదు. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ 2023 సెప్టెంబరు 17న జనావాసాల్లో మామూలు పరిమితిని గంటకు 20 మైళ్లకు, అంటే సుమారు 32 కిలోమీటర్లకు దించితే, వద్దంటూ నాలుగున్నర లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. కొన్ని రోడ్లను మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. ఫ్రాన్స్ 2018 జులైలో పల్లె రహదారుల మీద 90ని 80 చేసింది, నిరసనల తర్వాత స్థానిక పాలకులు కావాలంటే వెనక్కి వెళ్లే వీలిచ్చింది. ఆ కోపాన్ని నేను తీసిపారేయను. టైం పోతుందన్న బాధ నిజమైనదే. అయితే ఎంత పోతుందో కొలవాలి కదా. ఇంటి వీధుల్లో ఒక కిలోమీటరు 50తో పోతే 72 సెకన్లు, 30తో పోతే 120. తేడా 48 సెకన్లు. అదీ మలుపుల్లేకుండా, ఎక్కడా ఆగకుండా పోయినప్పుడు.

అభ్యాసం

1. 40తో వచ్చే బండి, 50తో వచ్చే బండి. 20 మీటర్ల దూరంలో ఒక సైకిల్ అడ్డం వచ్చింది. 40 బండి ఆగుతుందా? 50 బండి ఎంత వేగంతో తాకుతుంది? (బ్రేకుకు ఎన్ని మీటర్లు తక్కువ పడ్డాయో ముందు కనుక్కోండి.)

2. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ సూత్రం ప్రకారం ఒక రోడ్డు మీద సగటు వేగం మారితే, ప్రాణాలు తీసే ప్రమాదాలు ఆ నిష్పత్తికి నాలుగో ఘాతంగా మారతాయి. సగటు వేగం 5 శాతం తగ్గితే 0.95ని నాలుగు సార్లు వేసి హెచ్చించండి. ఎంత శాతం తగ్గాయి?

3. మీరు రోజూ నడిచే ఒక వీధిని ఎంచుకోండి. ఆగి ఉన్న బండి వెనక నుంచి ఒక చిన్నపిల్ల బయటికొస్తే, డ్రైవరుకు ఎన్ని మీటర్ల ముందు కనబడుతుందో అంగలతో కొలవండి. ఆ దూరంలో ఆగగలిగే గరిష్ఠ వేగం కనుక్కోండి. వచ్చే పాఠంలో, తడి రోడ్డు మీద ఈ అంకె ఎంతకు పడిపోతుందో చూద్దాం. కొలత రాసి పెట్టుకోండి, అక్కడ పనికొస్తుంది.