ఎండాకాలంలో టమాటా పెంచడం ఎలా? (అసలు గొడవంతా నీళ్ల దగ్గరే)

వేసవిలో టమాటా పెట్టినవాళ్లను ఎవరిని అడిగినా చెప్పేది ఇంచుమించు ఒకటే. మొక్క ఏపుగా పెరిగింది, పూత విరగబూసింది, తర్వాత పూతంతా రాలిపోయింది, నిలబడ్డ నాలుగు కాయలూ అడుగున నల్లగా కుళ్లాయి. ఇక అక్కడి నుంచి సలహాలు మొదలు. విత్తనం మంచిది కాదు, మట్టిలో సత్తువ లేదు, గుడ్డు పెంకులు వేయండి, ఫలానా ఉప్పు కలిపి కొట్టండి. పాపం విత్తనం ఏం చేసింది? ఎక్కువసార్లు తప్పు నీళ్లు పోసే చేతిది. ఆ సంగతి తీరిగ్గా చెప్తాను, ముందు తేలికైనవి కానిచ్చేద్దాం.

కావలసినవి

కుండీ అయితే ఒక్కో మొక్కకు కనీసం 20 లీటర్ల మట్టి పట్టాలి, అడుగున రంధ్రాలు ఉండాలి. ఒక కుండీలో ఒకే మొక్క. రెండు పెడితే రెండింతలు కాయవు, రెండూ దాహంతో కొట్టుకుంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు కాగిపోయి వేర్లను ఉడికిస్తాయి కాబట్టి లేత రంగువి తీసుకోండి, లేదా చుట్టూ గోనె కట్టండి. మట్టి సగం, బాగా చివికిన కంపోస్టు పావు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పావు. నేలలో పెట్టేవాళ్లు మొక్కకూ మొక్కకూ రెండడుగుల దూరం ఇస్తే చాలు. ఇవి కాక ఊతానికి గట్టి కర్రలు, కట్టడానికి మెత్తటి గుడ్డ పీలికలు, కప్పడానికి ఎండుగడ్డి లేదా ఎండుటాకులు, నీడకు షేడ్ నెట్. అంతే.

విత్తనం, నారు

టమాటాలో కొంత ఎత్తు పెరిగి ఆగిపోయే గుబురు రకాలు, ఆగకుండా తీగలా పోయే రకాలు ఉంటాయి. వేసవికి గుబురు రకమో, చిన్న చిన్న చెర్రీ టమాటాలో పెట్టుకోండి. అరచేతిలో పట్టనంత పెద్ద కాయల రకాల మీద మోజుంటే చల్లటి కాలంలో తీర్చుకోండి.

విత్తనం అర సెంటీమీటరు లోతులో వేస్తే 25 డిగ్రీల వెచ్చదనంలో వారం అటూ ఇటూగా మొలుస్తుంది. నాలుగైదు వారాల్లో నారు అందుతుంది, నాటాక మరో నెలకి పూత. ఈ లెక్క వెనక్కి వేసుకుని, ఎండలు ముదరకముందే మొదటి పూత వచ్చేలా విత్తనం వేయండి. చాలామంది ఎండలు బాగా ముదిరాక గుర్తొచ్చి మొదలుపెడతారు, అప్పుడు మొక్కను తిట్టి లాభం లేదు.

నాటే ముందు వారం రోజులు నారును మెల్లగా ఎండకు అలవాటు చేయాలి. మొదట గంటసేపు పొద్దుటి ఎండ, తర్వాత రోజురోజుకీ కాస్త పెంచుతూ పోవాలి. నాటేది సాయంత్రమే. కింది ఆకులు తుంచేసి, కాండం సగానికి పైగా మట్టిలోకి పోయేలా లోతుగా పెట్టండి. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేర్లు పుడతాయి, వేసవిలో ఆ లోతు వేర్లే మొక్కను కాపాడతాయి. కర్ర కూడా ఆ రోజే పాతేయండి, తర్వాత పాతితే వేర్లు తెగుతాయి.

ఇప్పుడు నీళ్లు

కాయ అడుగున నల్లబడటం రోగం కాదు, పురుగు కాదు. కాయ గోడలు గట్టిపడటానికి కాల్షియం కావాలి. అది మొక్కలో తనంతట తాను నడవదు, వేర్లు పీల్చిన నీళ్లతోపాటే పైకి పోతుంది. ఆకులు ఎండలో ఎడతెరిపి లేకుండా నీటిని ఆవిరి చేస్తాయి కాబట్టి ఆ నీరంతా ఆకుల వైపే లాగబడుతుంది, కాయకు దక్కేది తక్కువ. మట్టి ఒక పూట పూర్తిగా ఎండిందంటే ఆ తక్కువ కూడా అందదు. అన్నిటికన్నా దూరంగా ఉండేది కాయ కొస, అందుకే ముందు అది దెబ్బతింటుంది. ఈ దెబ్బ కాయ ఇంకా పిందెగా ఉన్నప్పుడే తగులుతుంది, మచ్చ మాత్రం చాలా రోజుల తర్వాత కనిపిస్తుంది. మచ్చ చూసి కంగారుపడి ఆ రోజు బకెట్ నీళ్లు పోస్తే జరిగిపోయింది మారదు. ఆ కాయ తెంపేయండి, తర్వాతి పిందెల సంగతి చూడండి.

గుడ్డు పెంకుల గురించి ఇక్కడే చెప్పేస్తాను. పెంకు మట్టిలో కరిగి మొక్కకు అందడానికి నెలలు పడుతుంది, పైగా మామూలు మట్టిలో కాల్షియం సాధారణంగా సరిపడా ఉంటుంది. లేనిది దాన్ని పైకి మోసే నీరు. ఎప్సమ్ సాల్ట్ వేయమనే సలహా ఇంకా అన్యాయం, అందులో ఉండేది మెగ్నీషియం, అది వేర్ల దగ్గర కాల్షియానికి పోటీ వచ్చి ఉన్న ఇబ్బందిని పెంచుతుంది. ఎంత చెప్పినా వినరు, నీళ్ల వేళ మార్చుకోవడం కన్నా పొట్లం కొనడం తేలిక కదా.

సరే, ఎలా పోయాలి? పొద్దున్నే, ఎండ చురుక్కుమనకముందే పోయాలి. సాయంత్రం పోసినా మొక్క చచ్చిపోదు గానీ పొద్దుటి నీళ్లే నీళ్లు, నా మాట వినండి. పోసే ముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడాలి. పైన పొడిగా ఉండి లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజుకి వదిలేయండి. లోపల కూడా పొడిబారుతుంటే పోయండి. "రోజూ ఒక లీటరు" అనే లెక్కలు నమ్మకండి. మొలకెత్తిన నెలకి మొక్క తాగేది వేరు, కాయలతో ఉన్నప్పుడు తాగేది వేరు, గాలి వీచే రోజు వేరు. బాగా ఎండలున్నప్పుడు కాయలున్న కుండీకి రోజూ పోయాల్సి రావచ్చు, ఒక్కోసారి రెండు పూటలా కూడా. అది వేలు చెప్పాలి, క్యాలెండర్ కాదు.

పోస్తే నిండుగా పోయండి. కుండీ అయితే అడుగు రంధ్రాల నుంచి నీళ్లు కారాలి, నేల అయితే జానెడు లోతు తడవాలి. పై పైన చిలకరిస్తే వేర్లు కూడా పైపైనే తిరుగుతాయి, మధ్యాహ్నానికి మాడిపోతాయి. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. బాగా ఎండిన కుండీలో మట్టి దగ్గరకు ముడుచుకుపోయి అంచు దగ్గర సందు పడుతుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగున కారిపోతాయి, మీరేమో నిండిందనుకుంటారు, మధ్యలో మట్టి గడ్డ పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కొంచెం పోసి, పావుగంట ఆగి, మళ్లీ పోయండి. కుండీ కింద పళ్లెం పెట్టి అందులో నీళ్లు నిలవుంచడం మాత్రం వద్దు, వేర్లకు ఊపిరాడదు, పైగా దోమలు.

మధ్యాహ్నం మొక్క తలవాల్చేసిందని పరుగెత్తి నీళ్లు పోస్తారు చూడండి, చాలా మొక్కలకు గండం అక్కడే. మండుటెండలో వేర్లు అందించే దానికన్నా ఆకులు ఆవిరి చేసేది ఎక్కువ, అందుకని ఆకులు వాలుతాయి. మట్టి తడిగా ఉంటే ఏమీ చేయకండి, పొద్దు వాలాక అదే లేస్తుంది. తెల్లవారాక కూడా వాలే ఉంటే అప్పుడు వేలు గుచ్చండి. పొడిగా ఉంటే దాహం. తడి మట్టిలో కూడా వాలి ఉంటే వేర్లు కుళ్లుతున్నాయి లేదా ఎండు తెగులు సోకింది, ఇంకా నీళ్లు పోయడమంటే దాన్ని త్వరగా సాగనంపడమే.

మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు ముంచెత్తడం ఇంకో అలవాటు. పండుతున్న కాయ ఒక్కసారిగా నీళ్లు తాగి లోపల ఉబ్బుతుంది, తోలు అంత వేగంగా సాగలేదు, పగులుతుంది. ఊరెళ్లే ముందు రోజు రెండు బకెట్లు కుమ్మరించినా ఇదే గతి. దానికన్నా కుండీలను నీడకు జరిపి, పక్కింటివాళ్లకు వేలు పెట్టి చూడటం నేర్పి వెళ్లండి. డ్రిప్ పెట్టుకుంటే మంచిదే, కాకపోతే పెట్టేసి మర్చిపోకూడదు, గొట్టం రంధ్రం పూడుకుపోయిన సంగతి మొక్క వాడాక గానీ తెలియదు. సీసాను తలకిందులుగా గుచ్చే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, సీసా చుట్టూ బెత్తెడు మేర తడి, మిగతా కుండీ అంతా పొడి.

గొట్టంతో పోసేవాళ్లు ఎండలో పడున్న గొట్టంలోని వేడినీళ్లు ముందు పక్కకు వదిలేయండి. ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లో పోయండి. ఇవన్నీ సగం తేలికయ్యే పని ఒకటుంది, మట్టి మీద మూడంగుళాల మందాన ఎండుగడ్డి కప్పడం. కాండానికి ఆనకుండా చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. గడ్డి కప్పకుండా వేసవి టమాటా పెంచుతున్నామనే వాళ్లతో నేను వాదించను.

పూత

నీళ్లు సరిగ్గానే పోస్తున్నా పూత రాలుతుందంటే కారణం వేడి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందకు దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు రాలుతుంది. దీనికి మందు లేదు. మిట్టమధ్యాహ్నం నుంచి ఎండ తగ్గేదాకా 30-40 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ వేయండి, పొద్దుటి ఎండ మాత్రం మానకూడదు. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, పుప్పొడి రాలడానికి కాస్త కదలిక కావాలి. గాలి ఆడని చోట ఉదయం పది లోపు పూగుత్తి కాడను వేలితో టకటకా తట్టండి. బ్యాటరీ టూత్ బ్రష్ ఆనించేవాళ్లూ ఉన్నారు, నవ్వకండి, పనిచేస్తుంది. వడగాడ్పుల వారం మాత్రం పూత మీద ఆశ వదిలేసి మొక్కను బతికించుకోండి, చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది.

మిగతా పనులు

నాటిన మూడు వారాలకు గుప్పెడు కంపోస్టు, పూత వచ్చాక మళ్లీ గుప్పెడు. యూరియా లాంటి నత్రజని ఎరువులు పోస్తే ఆకులే ఆకులు, కాయలుండవు.

పక్క కొమ్మలన్నీ గిల్లేయమని అందరూ అంటారు. వేసవిలో నేను నేలకు తగిలే కింది కొమ్మలు తప్ప ఏదీ గిల్లను, మీరూ గిల్లకండి. ఆకుల నీడ లేకపోతే కాయ మీద ఎండ సూటిగా పడి తెల్లగా బొబ్బలెక్కుతుంది. కర్రకు కట్టేటప్పుడు గుడ్డ పీలికను ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టండి.

ఆకులు ముడుచుకుని పసుపెక్కి మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. నయం కాదు, జాలిపడకుండా పీకేయండి. ఆకుల అడుగున సన్నటి బూజులాంటి గూడు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. అప్పుడొక్కసారి మాత్రం పొద్దున్నే ఆకుల అడుగు వైపు నీళ్లు గట్టిగా కొట్టొచ్చు, తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి.

కోత

కాయ మొక్క మీదే ఎర్రగా పండాలని పట్టుబట్టకండి. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపు రంగు సరిగా తయారవదు, కాయ పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతుంది. అడుగున లేత గులాబీ రంగు తిరగగానే తెంపి ఇంట్లో నీడపట్టున పెట్టండి, కొన్ని రోజుల్లో ఎర్రబడుతుంది. కిటికీ దగ్గర ఎండలో వద్దు, ముగ్గడానికి వెలుతురు అక్కర్లేదు. పూర్తిగా పండేదాకా ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి, 12 డిగ్రీల కన్నా చల్లదనంలో కాయ ముగ్గడం ఆగిపోతుంది, వాసన కూడా పోతుంది.