లూపస్ మందులు వాడుతున్నప్పుడు నెలసరిని ఎలా కనిపెట్టుకోవాలి?

విజయనగరంలో మా అప్ప గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క రాసే గళ్లలోనే, ఎర్ర పెన్నుతో చుక్కలు పెడుతుంది. నెలసరి వచ్చిన రోజు ఒకటి, ఆగిన రోజు ఒకటి, ఎక్కువగా పోయిన రోజు రెండు. లూపస్‌కి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటిమీద దాడిచేసే జబ్బుకి, మందులు మొదలైన రోజు నుంచే మీరూ ఇలా పెట్టండి. మందు మారినా, స్టెరాయిడ్ డోసు మారినా ఆ తేదీ పక్కన రాసుకోండి.

తర్వాత డాక్టర్ రాసిన మందుల చీటీ చూసుకోండి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌తో నెలసరి ముందువెనకలు కావచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తగ్గినా రక్తం ఎక్కువ పోతుంది. గంటకో ప్యాడ్ తడిసిపోయి కళ్లు తిరుగుతుంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

బాగా అడిగి తెలుసుకోవాల్సింది సైక్లోఫాస్ఫమైడ్ గురించి. లూపస్ కిడ్నీలకు పాకినప్పుడు ఎక్కించే మందుల్లో ఇదొకటి. ఇది అండాశయాలను దెబ్బతీయగలదు. వయసూ, మొత్తం డోసూ పెరిగేకొద్దీ నెలసరి పూర్తిగా ఆగిపోయే ముప్పు పెరుగుతుంది. రెండు వారాలకోసారి 500 మిల్లీగ్రాముల చొప్పున 6 సార్లు ఇచ్చే పద్ధతిలో ఆ ముప్పు తక్కువ. అందుకే మొదటి సెలైన్ పెట్టకముందే అడగండి: "మొత్తం ఎన్ని డోసులండీ? తర్వాత పిల్లలు కావాలి, అండాశయాలను కాపాడే ఇంజెక్షన్ ఏమైనా ఇస్తారా?" పెళ్లికాని పిల్లయితే తల్లి అడగాలి. ఇందులో సిగ్గేం లేదు, తర్వాత అడిగితే లాభం ఉండదు.

నెలసరి ఆగింది కదా, గర్భం రాదనుకోవద్దు. సైక్లోఫాస్ఫమైడూ, లూపస్‌కే వాడే మైకోఫెనోలేటూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. అనుమానం వస్తే వెంటనే పరీక్ష చేయించుకోండి.

ఇంకొకటి మన ఊళ్లలో మరీ ఎక్కువ. దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఇంటినిండా చుట్టాలు. మెడికల్ షాపులో నెలసరి వాయిదా మాత్ర అడిగి వేసేసుకుంటారు. లూపస్ ఉన్న కొందరి రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. వాళ్లకు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, హార్మోన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచవచ్చు. మీ ఫైల్లో ఆ పరీక్ష ఉందో లేదో చూసుకోండి, డాక్టర్ని అడగకుండా ఆ మాత్ర ముట్టవద్దు. మొక్కు ఇంకో మంగళవారం తీర్చుకోవచ్చు. ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ ఆ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు పనికిరావు.

కడుపునొప్పికి వేడినీళ్ల కాపడం, పారాసిటమాల్ మేలు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు చేటు.

నెల తిరిగాక ఆ క్యాలెండర్ కాగితం పారేయకండి. చింపి, ఆసుపత్రి ఫైల్లో పెట్టుకోండి.